అమెరికా యాసలు, తెలుగు చెవులు

స్మారకోపన్యాస పాఠం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మృతికి అంకితం.

2008 మార్చిలో రెండు సంగతులు వెంటవెంటనే జరిగాయి. ఆ నెల 23న శంషాబాద్, మామిడిపల్లి నేలల మీద కట్టిన కొత్త విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. పాత బేగంపేట విమానాశ్రయానికి ప్రయాణికుల విమానాలు రావడం ఆగిపోయింది. దానికి కొద్ది రోజుల ముందు, మార్చి 5న, ప్రపంచ విమానయానంలో ఒక గడువు ముగిసింది. దేశాల సరిహద్దులు దాటి విమానాలు నడిపే పైలట్లకూ, వాళ్లతో రేడియోలో మాట్లాడే కంట్రోలర్లకూ ఇంగ్లిష్‌లో కనీసం నాలుగో స్థాయి ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పెట్టిన గడువు అది. సిద్ధం కాలేని దేశాలకు మరో మూడేళ్లు వెసులుబాటు ఇచ్చారు గానీ నియమం మాత్రం నిలిచింది.

ఆ నియమం వెనక భారతదేశపు ఆకాశంలో జరిగిన ఘోరం ఉంది. 1996 నవంబర్ 12 సాయంత్రం హరియాణాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ అరేబియా బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్ 76 గాలిలోనే ఢీకొన్నాయి. రెండింటిలో కలిపి 349 మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. చెప్పిన ఎత్తు కంటే కజక్ విమానం కిందికి దిగడమే కారణమని విచారణలో తేలింది; సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా అందకపోవడం కూడా గట్టిగానే చర్చకు వచ్చింది. 1998లో ఐకావో మహాసభ భాషా సామర్థ్యం మీద తీర్మానం చేసింది. 2003లో స్థాయిలు ఖరారయ్యాయి.

ఆ స్థాయిల పట్టికను నిదానంగా చదివితే ఒక తేడా కనిపిస్తుంది. నాలుగో స్థాయి మనిషి మాటలో సొంత భాష ఛాయ, సొంత ప్రాంతపు యాస ఉన్నా ఫరవాలేదు, అది అర్థానికి కొన్నిసార్లకు మించి అడ్డు రాకపోతే చాలు. వినికిడి విషయంలో మాత్రం స్థాయి పెరిగేకొద్దీ పరాయి యాసలను గ్రహించే శక్తి కూడా అడుగుతారు. ఐదో స్థాయికి రకరకాల మాండలికాలు, యాసలు విని గ్రహించగలగాలి. నోటికి ఒక కొలత పెట్టారు, చెవికి వేరే కొలత పెట్టారు.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించేది అక్కడి నుంచే మొదలవుతుంది. అమెరికన్లతో మాట్లాడాల్సిన తెలుగువాళ్లకు నోటి చదువు కావలసినంత దొరుకుతోంది, చెవి చదువు దొరకడం లేదు. టెక్సస్ యాస అర్థం కావడానికి టెక్సస్ మనిషిలా మాట్లాడనక్కరలేదు. ఆ యాస నడిచే నియమాలు రెండు మూడు తెలిసి, దాన్ని చాలా గొంతుల్లో విని ఉంటే చాలు.

మామిడిపల్లి చుట్టూ ఈ అవసరం ఎంత దగ్గరగా ఉందో చూడవచ్చు. విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న సెజ్‌లో విమానాల మరమ్మతు కేంద్రం నడుస్తోంది. తూర్పున ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి పెట్టిన కర్మాగారంలో సి-130జె రవాణా విమానం తోక భాగాలు తయారవుతాయి; ప్రపంచంలో ఆ విమానానికి తోక అందించేది ఆ ఒక్క చోటే. ఆ భాగాలు జార్జియా రాష్ట్రంలోని మారియెట్టా చేరి అక్కడ విమానానికి అమరుతాయి. అదే ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలాజ్‌లు చేస్తాయి. అపాచీ పుట్టిల్లు అరిజోనాలోని మేసా. మారియెట్టా మాట వేరు, మేసా మాట వేరు. ఒక కొలత తేడా వచ్చి ఫోన్ మోగినప్పుడు అవతలి మనిషి ఏ ఊరివాడన్నది చిన్న విషయం కాదు.

ఇక ప్రయాణికులు. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అప్పటిదాకా ఎన్నడూ లేనంతమంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికా ఇళ్లలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. శంషాబాద్ డిపార్చర్ గేటు ముందు ఏ రాత్రి చూసినా ఆ లెక్కలు మనుషులై నిలబడి ఉంటాయి. ట్రాలీ మీద ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు, పక్కన టోఫెల్‌లోనో ఐఈఎల్‌టీఎస్‌లోనో మంచి మార్కులు తెచ్చుకున్న అబ్బాయో అమ్మాయో. ఆ పరీక్షల్లో వాళ్లు విన్నవి స్టూడియోలో స్పష్టంగా, నిదానంగా చదివిన గొంతులు. దిగాక వినబోయేవి బస్సు డ్రైవరు గొంతు, ఇల్లు అద్దెకిచ్చే ముసలావిడ గొంతు, ఎమర్జెన్సీ గదిలో నర్సు గొంతు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారిని ఈ సందర్భంలో తలుచుకోవడం మర్యాద కోసం కాదు. 1928లో ఒంగోలులో పుట్టి, 1957లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టి, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, 2012 ఆగస్టు 11న కన్నుమూసిన ఆ పండితుడు యాసను చూసిన చూపే ఈ విషయానికి పునాది. ఆయన మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది. రైతు నోట ఉన్న మాటను ఉన్నది ఉన్నట్టు, ఏ ఊళ్లో దొరికిందో ఆ ఊరితో సహా రాయించారు. ఏది శుద్ధం, ఏది అశుద్ధం అన్న ప్రశ్నే అక్కడ లేదు. తెలుగు నేలను మాటను బట్టి నాలుగు మండలాలుగా విడదీసి చూపించారు: తూర్పున శ్రీకాకుళం, విశాఖ, మధ్యన గోదావరి, కృష్ణా, గుంటూరు, దక్షిణాన రాయలసీమ, నెల్లూరు, ఉత్తరాన తెలంగాణ. మాట మారడంలో క్రమం ఉంటుంది, ఆ క్రమం దొరికితే ఏ ఊరి మాటైనా దారిలో పడుతుంది. ఆయన జీవితకాలపు పని చెప్పేది ఇదే.

అదే 1960ల దశాబ్దంలో అమెరికాలోనూ అలాంటి పనే జరిగింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ కాసిడీ నడిపిన ప్రాంతీయ ఇంగ్లిష్ నిఘంటువు కోసం 1965 నుంచి 1970 దాకా పరిశోధక విద్యార్థులు వ్యాన్లలోనే పడుకుంటూ దేశమంతా తిరిగారు. ఆ వ్యాన్లకు ‘మాటల బండ్లు’ అని పేరు. 1,002 ఊళ్లలో ప్రశ్నలడిగి, చాలాచోట్ల టేపు రికార్డర్ పెట్టి గొంతులు పట్టుకున్నారు. ఆర్థర్ అనే ఎలుక కథ ఒకదాన్ని వందలమంది చేత చదివించారు. కథ ఒక్కటే, వాక్యాలు అవే, మారేది యాస మాత్రమే. ఇంగ్లిష్ నేర్చుకునేవాడికి ఇంతకంటే మేలైన పాఠ్యపుస్తకం ఎవరూ రాయలేదు. ఆ రికార్డులు ఇప్పుడు ఉచితంగా వినవచ్చు.

ఆ దారిలోనే నడిచిన మరో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్. భద్రిరాజుగారు చదివిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనే, ఆయన వచ్చేసిన చాలా ఏళ్లకు ఆచార్యుడిగా చేరాడు. లబోవ్ బృందం 1990లలో అమెరికా, కెనడా పట్టణాల్లోని మామూలు మనుషులకు ఫోన్లు చేసి, మాటల్లో పెట్టి, రికార్డు చేసి, ఆ గొంతుల అచ్చులను కంప్యూటర్ మీద కొలిచింది. 2006లో వచ్చిన ఉత్తర అమెరికా ఇంగ్లిష్ అట్లాస్ ఆ కృషి ఫలితం. లబోవ్ 2024 డిసెంబర్‌లో మరణించాడు. అమెరికా యాసల పటం గీసింది ఫోన్ మీద అన్న సంగతి హైదరాబాద్‌కు బాగా పట్టాలి. ఎందుకంటే ఈ నగరంలో వేలమంది యువకులు అమెరికా యాసలను మొదట కలుసుకున్నదీ ఫోన్ మీదే.

2000 తరువాతి సంవత్సరాల్లో కాల్ సెంటర్లలో కొత్తగా చేరినవాళ్లకు కొన్ని వారాలు వీ అండ్ ఏ శిక్షణ ఉండేది. వాయిస్ అండ్ యాక్సెంట్ అన్నమాట. ఎంటీఐ తీసెయ్యాలి, అంటే మాతృభాష వాసన పోవాలి. నాలుక ఎక్కడ పెట్టాలి, వీకి పెదవి ఎలా కొరకాలి, ఆర్ ఎలా తిప్పాలి, ఇవీ పాఠాలు. ఈ శిక్షణ తయారుచేసేది ఏ దేశానికీ చెందని ఒక ఇంగ్లిష్ అని సామాజికవేత్త ఎ. అనీష్ 2015లో ‘న్యూట్రల్ యాక్సెంట్’ అనే పుస్తకమే రాశాడు. మొదటి రాత్రి హెడ్‌సెట్ పెట్టుకున్నాక తేలేది వేరు. అలబామా నుంచి ఒక పెద్దాయన క్రెడిట్ కార్డు నంబరు చెబుతాడు. ఏజెంటు ఉచ్చారణ చక్కగానే ఉంది, ఆయనకు అర్థమైంది. ఆయన చెప్పిన అంకెలే ఏజెంటుకు అందలేదు. ఒకవైపు ఏహెచ్‌టీ, అంటే ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం, లెక్కించే గడియారం పరుగెడుతుంటుంది, రెండోసారి అడిగితే అవతల విసుగు. ఇప్పుడు టెలిపెర్ఫార్మెన్స్ లాంటి పెద్ద కంపెనీ భారతీయ ఏజెంట్ల గొంతును అప్పటికప్పుడు అమెరికన్ చెవికి అనువుగా మార్చే కృత్రిమ మేధ వాడుతున్నట్టు 2025లో వార్తలొచ్చాయి. అదీ నోటికి తొడిగిన తొడుగే.

ఈ ఒకవైపు ధోరణి కొత్తది కాదు. 1958లో హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం కేంద్ర సంస్థ పెట్టారు. అది తరువాత సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ. 1969లో ఆ సంస్థ ప్రచురించిన ఆర్.కె. బన్సల్ పరిశోధన భారతీయుల ఇంగ్లిష్ బయటివాళ్లకు ఎంత అర్థమవుతుందో కొలిచింది. సుమారు 70 శాతం అని తేలింది. చాలా విలువైన పని అది, తరాల ఉపాధ్యాయులు దాని మీద ఆధారపడ్డారు. బయటివాళ్ల ఇంగ్లిష్ మనవాళ్లకు ఎంత అర్థమవుతోంది అన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు.

యాసల్లోకి దిగే ముందు ఒక చిక్కు విడదీయాలి. అమెరికా ఇంగ్లిష్ విని తెలుగువాళ్లు తికమకపడే చోట్లలో చాలావాటికి ప్రాంతంతో పనిలేదు, అవి దేశమంతటా ఉన్నవే. రెండు అచ్చుల మధ్య వచ్చే టకారం డకారంలా తేలిపోతుంది. వాటర్ ‘వాడర్’ అవుతుంది, రైటర్ అన్నా రైడర్ అన్నా దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ట్వెంటీ ‘ట్వెనీ’, ఇంటర్నెట్ ‘ఇనర్నెట్’. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని అచ్చు నిండుగా పలుకుతుంది. గురువుకు గురువు కాలం, లఘువుకు లఘువు కాలం. అమెరికన్ నోట నొక్కు పడిన అక్షరం ఒక్కటే నిలబడి తక్కినవి నలిగిపోతాయి.

అన్నిటికంటే నష్టం తెచ్చేది క్యాన్, క్యాంట్. ఒకటి అవుతుంది, రెండోది కాదు. చివరి టకారం కోసం చెవి పెట్టుకుని కూర్చుంటే అది రాదు, అమెరికన్ దాన్ని గొంతులోనే ఆపేస్తాడు. పట్టుకోవలసింది అచ్చును. ‘ఐ క్న్ డూ ఇట్’ అని అచ్చు నలిగి, డూ మీద బరువు పడితే చేయగలడు. ‘ఐ క్యాన్ డూ ఇట్’ అని క్యా నిండుగా, బరువుగా వినిపిస్తే చాలాసార్లు అర్థం చేయలేనని. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్ని మీటింగుల్లో ఎన్ని అపార్థాలు తప్పుతాయో!

ఇప్పుడు మారియెట్టాకు వెళ్లవచ్చు. దక్షిణాది యాసకు గుండెకాయ లాంటి మార్పు ఒకటే: ‘ఐ’ అనే జంట అచ్చు చదునై ‘ఆ’ వైపు సాగుతుంది. టైమ్ ‘టామ్’ అవుతుంది, రైడ్ ‘రాడ్’, ఫైవ్ ‘ఫావ్’, నైన్ ‘నాన్’. ఇందులోనూ క్రమం ఉంది. వెనక డ, మ, న, వ లాంటి నాదపు హల్లు ఉంటేనో, మాట అక్కడితో ముగిస్తేనో చదును కావడం దక్షిణాదిలో చాలాచోట్ల ఉంది. రైట్, రైస్ లాంటి మాటల్లో కూడా చదునైతే ఆ మనిషి అప్పలేచియన్ కొండల వైపో, టెక్సస్‌లో కొన్ని భాగాల వైపో ఉన్నాడని ఊహించవచ్చు. విమానయాన రేడియోలో ఫైవ్‌ను ‘ఫైఫ్’ అని, నైన్‌ను ‘నైనర్’ అని పలకాలన్న నియమం ఎందుకో మారియెట్టా వాళ్లు నంబర్లు చదువుతుంటే బాగా తెలుస్తుంది.

దక్షిణాదిలో రెండో మార్పు: న, మ ముందు ఎకారం ఇకారం అవుతుంది. పెన్, పిన్ ఒకటే. టెన్, టిన్ ఒకటే. పెట్, పిట్ మాత్రం వేరువేరుగానే ఉంటాయి, ఎందుకంటే అక్కడ వెనక న లేదు. ఆ ఊళ్లవాళ్లకే ఇది ఇబ్బంది కాబట్టి రాసే కలాన్ని ‘ఇంక్ పెన్’ అంటారు. విమాన భాగాల గురించి మాట్లాడే ఫోన్‌లో పిన్ అనే మాట రోజుకు ఎన్నిసార్లు వస్తుందో ఆదిభట్ల వాళ్లకు తెలుసు. వాక్యంలో అది వచ్చిన చోటును బట్టే నిర్ణయించుకోవాలి.

ఇంకో మాట. ఆ యాస అందరి నోటా ఒకే మోతాదులో ఉండదు. జార్జియా విశ్వవిద్యాలయం, జార్జియా టెక్ పరిశోధకులు 2023లో చూపించినదాని ప్రకారం, జార్జియా శ్వేతజాతీయుల్లో దక్షిణాది అచ్చులు బాగా గట్టిగా ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం తరువాత పుట్టిన తరంలో. 1960ల మధ్య నుంచి పుట్టినవాళ్లలో ఒక్కసారిగా పలచబడ్డాయి. అట్లాంటా శివార్లలో కమింగ్, ఆల్ఫరెట్టాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆఫీసులో యువ సహోద్యోగి మాట తేలిగ్గా అంది, పక్కింటి తాత మాట అందకపోవడానికి ఇదొక కారణం.

ఇక దక్షిణాది నుంచి ఉత్తరానికి. ఎయిరిండియా 2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకు తొలి నాన్‌స్టాప్ నడిపింది. షికాగో, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, బఫలో, అంటే పెద్ద సరస్సుల ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటిలో ఇరవయ్యో శతాబ్దంలో అచ్చులు ఒకదాని చోటులోకి ఒకటి జరిగాయి. క్యాట్‌లోని అచ్చు పైకి లేచి ‘కియట్’లా అయింది. ఖాళీ అయిన ఆ చోటులోకి కాట్‌లోని అచ్చు వచ్చింది. బస్‌లోని అచ్చు వెనక్కి జరిగి బాస్‌కు దగ్గరైంది. లబోవ్ ఈ మాటలను కత్తిరించి వినిపించి చూశాడు. షికాగో మనిషి వీధుల గురించి మాట్లాడుతూ అన్న ‘బ్లాక్’ను శ్రోతలు నలుపు రంగు అనుకున్నారు, ‘బసెస్’ను ‘బాసెస్’ అనుకున్నారు. వాక్యం మొత్తం వినిపించాక కొందరు సర్దుకున్నారు. తమ ఊరి యాసే అయినా, విడిమాటగా వింటే షికాగో వాళ్లు కూడా చాలాసార్లు తప్పారు. పుట్టి పెరిగినవాళ్లే తప్పిన చోట వేరే దేశం నుంచి వచ్చిన విద్యార్థి సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక్కడ తెలుగువాడికి ఒక అనుకూలత, ఒక ఇబ్బంది ఉన్నాయి. వీధుల మాటనూ, నలుపు రంగు మాటనూ తెలుగు లిపి ‘బ్లాక్’ అనే రాస్తుంది. కాబట్టి లిపిలో రాసుకుని నేర్చుకునేవాడు తేడానే పోగొట్టుకుంటాడు. అయితే నలుపు రంగుకు వాడే ఇంగ్లిష్ మాటలోని అచ్చు తెలుగు నోటికి పరాయిది కాదు. కోస్తాలో ‘వచ్చాడు’ అన్నప్పుడు చా మీద పలికేది రాసిన ఆకారం కాదు, ఆకారానికీ ఏకారానికీ నడిమి అచ్చు. లిపిలో గుర్తు లేకపోయినా చెవిలో ఉంది. నేర్పే గురువు అక్కడి నుంచి మొదలుపెడితే పని సగం అయినట్టే.

పిట్స్‌బర్గ్ తెలుగువాళ్లకు బంధువుల ఊరు లాంటిది. పెన్‌హిల్స్ గుట్ట మీద 1970లలో కట్టిన వేంకటేశ్వరాలయానికి అమెరికా నలుమూలల నుంచి తెలుగువాళ్లు మొక్కులకు వెళ్తారు. ఉక్కు కర్మాగారాల కార్మికుల మాటగా పేరుబడ్డ ఆ ఊరి యాసలో చదునయ్యేది ‘ఔ’. డౌన్‌టౌన్ ‘డాన్‌టాన్’, హౌస్ ‘హాస్’. మీరంతా అనడానికి ‘యిన్జ్’ అంటారు. కారు కడగాలి అని చెప్పడానికి ‘ది కార్ నీడ్స్ వాష్డ్’ అంటారు, మధ్యలో ‘టు బీ’ ఉండదు. అది వ్యాకరణ దోషం కాదు, స్కాట్లాండ్, ఐర్లండ్ వైపు నుంచి వచ్చిన వలసదారులు తెచ్చిన వాడుక. కార్నెగీ మెలన్‌లో బార్బరా జాన్‌స్టన్ ఈ యాస మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ఊరివాళ్లు దాన్ని టీ షర్టుల మీద అచ్చు వేయించుకుని మరీ తొడుక్కుంటారు.

తూర్పు తీరం, పడమర గురించి క్లుప్తంగా. బోస్టన్ పాతతరం అచ్చు వెనక వచ్చే రకారాన్ని వదిలేస్తుంది: కార్ ‘కా’ అవుతుంది. బ్రిటిష్ ఉచ్చారణతో చదువుకున్న పాతకాలపు హైదరాబాద్ టీచర్లకు ఇది కొత్త కాదు. న్యూయార్క్‌లో అదే రకారం తరగతిని బట్టి మారుతుందని లబోవ్ 1962లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లలో ‘ఫోర్త్ ఫ్లోర్’ అనిపించి నిరూపించాడు. ఖరీదైన శాక్స్ దుకాణంలో 62 శాతం మంది ఏదో ఒకచోటైనా రకారం పలికితే, చవకైన క్లైన్‌లో ఐదోవంతు మందే పలికారు. న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి కాస్త దక్షిణంగా ఫిలడెల్ఫియా వెళ్తే మంచినీళ్లు ‘వుడర్’ అవుతాయి. పడమటి రాష్ట్రాల్లో డాన్ అనే మగవాడి పేరూ, డాన్ అనే ఆడపేరూ ఒకటే అయిపోయాయి. తెలుగు లిపిలో అవి ఎప్పుడూ ఒకటే కాబట్టి అక్కడ చెవికి కొత్త శ్రమ లేదు.

ప్రాంతంతో ముడిపెట్టలేనిది, వదిలేయకూడనిది ఒకటుంది. నల్లజాతి అమెరికన్ల ఇంగ్లిష్. అట్లాంటాలో, షికాగోలో, డల్లాస్‌లో విమానాశ్రయపు భద్రతా సిబ్బంది నుంచి ఆస్పత్రి దాకా రోజూ వినిపించే మాట అది. చివరి జంట హల్లుల్లో ఒకటి జారిపోతుంది, టెస్ట్ ‘టెస్’ అవుతుంది. బాత్ ‘బాఫ్’ కావచ్చు. ‘షీ బీ వర్కింగ్’ అంటే ఆమె ఇప్పుడు పనిచేస్తోందని కాదు, మామూలుగా ఎప్పుడూ పనిచేస్తుంటుందని. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ఒక్క క్రియారూపంతో చెప్పలేని తేడాను ఈ వ్యాకరణం చెబుతుంది. లబోవ్ 1960ల నుంచే దీని క్రమాన్ని రాసి చూపించాడు. 1979లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్ కేసులో ఫెడరల్ జడ్జి, పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకునే చదువు నేర్పాలని బడికి ఆదేశమిచ్చాడు. వాళ్లకు ఇంగ్లిష్ సరిగా రాదు అని తెలుగు ఇళ్లలో తేలిగ్గా అనేసేవాళ్లు ఉన్నారు. అది అన్యాయమైన మాట. పైగా అలా అనుకున్న చెవి వినడం మానేస్తుంది. తెలంగాణ మాటను సినిమాల్లో ఎన్ని దశాబ్దాలు విలన్లకూ హాస్యానికీ వాడుకున్నారో తెలిసిన నేల మీద ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

చెవిని ఎలా తయారుచేయాలి? పరిశోధనలు చెప్పేది అయోమయంగా ఏమీ లేదు. 1990ల మొదట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిసోనీ బృందం జపనీయులకు ఇంగ్లిష్ ర, ల తేడా వినడం నేర్పింది. ఒకే గొంతుతో నేర్పితే ఆ గొంతే అర్థమైంది, కొత్త గొంతు రాగానే పాఠం పనిచేయలేదు. చాలా గొంతులతో నేర్పితే కొత్తవాళ్లను వినడానికి కూడా పనికొచ్చింది. ఇంట్లో ఒక్క యూట్యూబ్ టీచర్‌నే ఏడాదిపాటు విన్నా వేరేవాళ్ల మాట ఎందుకు అందదో అనుకునేవాళ్లకు ఇందులో జవాబుంది.

సినిమాల గురించి ఇంకా తేటగా తెలిసింది. 2009లో హోల్గర్ మిట్టరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు డచ్చివాళ్లకు స్కాట్లాండ్, ఆస్ట్రేలియా యాసల చిత్రాలు చూపించారు. కింద ఇంగ్లిష్ అక్షరాలు వేస్తే ఆ యాస కొత్త వాక్యాల్లో కూడా బాగా అందింది. డచ్చి అక్షరాలు వేస్తే కొత్త వాక్యాల దగ్గర ఏ సాయమూ లేకుండా చూసినదాని కంటే వెనకబడ్డారు. కారణం తేలికే: విన్న ధ్వనికి సరిపడే మాట కంటి ముందు కనిపిస్తే చెవి తనను తాను సరిచేసుకుంటుంది, వేరే భాష కనిపిస్తే అర్థం తెలుస్తుంది గానీ ధ్వని జారిపోతుంది. ఓటీటీలో తెలుగు అక్షరాలు పెట్టుకుని చూడటం కథకు మంచిది, చెవికి కాదు.

కొత్త యాసకు చెవి అలవాటు పడటానికి మొదటి నిమిషం ముఖ్యమని క్లార్క్, గారెట్ అనే పరిశోధకులు 2004లో చూపించారు. కొన్ని వాక్యాలు వినేసరికే గ్రహించే వేగం పెరుగుతుంది. అందుకే ఫోన్ ఎత్తగానే ఆర్డరు నంబరు అడగడం కంటే ముందు వాతావరణం గురించో ప్రయాణం గురించో అవతలి మనిషిని నాలుగు మాటలు మాట్లాడనివ్వడం మంచిది. ఆ తరువాత చెప్పే నంబరు బాగా అందుతుంది. నంబరు, తేదీ, మందు మోతాదు లాంటివి విన్నాక తిరిగి చెప్పి సరిచూసుకోవడం పైలట్లకు విధి. మిగతావాళ్లకు కూడా అది మర్యాదే, అవమానం కాదు.

వెళ్లబోయే ఊరు ముందే తెలుసు కాబట్టి ఆ ఊరినే వినవచ్చు. బర్మింగ్‌హామ్‌లో సీటు వచ్చిన అమ్మాయి అలబామా గొంతులు వినాలి, బఫలో వెళ్లే అబ్బాయి సరస్సుల ఒడ్డు గొంతులు వినాలి. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ వైన్‌బర్గర్ నడిపే స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్‌లో 69 మాటల ఒకే పేరాను ప్రపంచమంతటి మనుషులు చదివారు. అందులో అమెరికా ఊళ్లూ ఉన్నాయి, తెలుగువాళ్లూ ఉన్నారు. 2003లో మొదలైన స్టోరీకోర్‌లో మామూలు అమెరికన్లు తమవాళ్లతో మాట్లాడుకున్న సంభాషణలు ఉన్నాయి. చాలా పట్టణాల కౌన్సిల్ సమావేశాలు వీడియోలుగా దొరుకుతాయి. చెత్త బండి రాలేదని మున్సిపాలిటీలో పోట్లాడే మనిషి మాట కంటే సహజమైన ఇంగ్లిష్ ఏ సినిమాలోనూ ఉండదు.

కొత్త కట్టడాలేమీ అక్కర్లేదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలన్నిటిలో మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్ ఉంది. శంషాబాద్ చుట్టుపక్కల కాలేజీల్లోనూ ఉంది. కంప్యూటర్లు ఉన్నాయి, హెడ్‌ఫోన్లు ఉన్నాయి. సిలబస్‌లో ధ్వనులు, పదాల నొక్కు, మాతృభాషా ప్రభావం తగ్గించడం, బ్రిటిష్ అమెరికన్ ఉచ్చారణ తేడాలు ఉన్నాయి. ఆ చివరి పాఠంలో అమెరికా ఒక్కటే గొంతుగా వినిపిస్తుంది. అక్కడ ఆర్థర్ ఎలుక కథను జార్జియా నుంచి ఒకటి, మిషిగన్ నుంచి ఒకటి, పిట్స్‌బర్గ్ నుంచి ఒకటి, మసాచుసెట్స్ నుంచి ఒకటి పెట్టి వినిపించవచ్చు. ముందు అక్షరాలు చూపకుండా, తరువాత ఇంగ్లిష్ అక్షరాలతో, మళ్లీ అక్షరాలు తీసేసి. ఏ అచ్చు ఎటు జరిగిందో పిల్లలనే రాయమనాలి. ఏడాది చివరి వైవాలో పలకమని అడిగే ప్రశ్నలతో పాటు, ముందెన్నడూ వినని ఒక ఊరి గొంతును వినిపించి అందులోని ఫోన్ నంబరు రాయమని అడగాలి. ఒక పీరియడ్‌కు ఒక యాస చొప్పున ఈ పని ఒక సెమిస్టర్‌లో అవుతుంది.